మొదటి వానదాకా ఆగమన్న వదినె

మొన్న సంతాప సభలో మన కాలనీ అధ్యక్షుడు మైకు పట్టుకుని "టీచరమ్మకు కప్పలంటే ప్రాణం" అన్నాడు. మీరందరూ తలలూపారు. తప్పు. కప్ప కనబడితే చెప్పులు అక్కడే వదిలేసి మంచమెక్కే మనిషి ఆమె. పోయినవాళ్ల గురించి ఏం చెప్పినా చెల్లుతుందనుకుంటారేమో, చెల్లదు. నేనింకా బతికే ఉన్నాను.

ఆమె నా వియ్యపురాలు, నా కూతురికి అత్తగారు. మేమిద్దరం ఒకరినొకరం వదినె అనే పిలుచుకున్నాం. పుట్టిల్లు రావిర్యాల. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. మృగశిర కార్తె ఇంకా రాకముందే, ఒక పొద్దున వరండాలో చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలోనే వెళ్లిపోయింది. దవాఖాన లేదు, సూదులు లేవు, ఒకరికి పరేషాన్ లేదు. "వదినె, నాకు గొట్టాలు పెట్టి పండబెట్టనియ్యకు, జర నువ్వే అడ్డం పడాలె" అని నాతో ఒట్టు వేయించుకుంది. అడ్డం పడే పని లేకుండానే పోయింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు అమ్మయ్య అనుకున్నాను.

వానాకాలం వస్తే ఆమె బాత్రూంలోకి చిన్న చిన్న కప్పలు వచ్చేవి. ఆమె పీట మీద నిలబడి, చెయ్యి చాచినంత దూరం చాచి, ప్లాస్టిక్ మగ్గు బోర్లించి, దాని కిందికి చేట జరిపి, "దయచెయ్యండి సార్" అంటూ బయటికి సాగనంపేది.

"గింత భయమున్నదానివి గా సదువెట్ల సదివినవ్ వదినె?" అని అడిగాను ఒకసారి.

"భయముండెగనకనే దూరంకెళ్లి మంచిగ చూసిన."

"మరి సంపిపారేస్తె పోలె?"

"నాకు ప్రేమ లేకుంటె అవి సావాలెనా? ఉండనిస్తె సాలు గద."

మా వియ్యం కూడా ఆ మాట మీదే ఇన్నేళ్లు నడిచింది. నా పప్పులో ఉప్పు ఎక్కువని ఆమె అనేది, ఆమె మాటలో ఉప్పు తక్కువని నేను అనేదాన్ని. ఒకరినొకరం ఉండనిచ్చాం.

సాయంత్రాలు మిద్దె మీద కూర్చునేవాళ్లం, మనవరాలు మా మధ్య. నెత్తి మీదినుంచి విమానం దిగుతుంటే వదినె మాట ఆపేది. చప్పుడు పోయాక, ఏ మాట దగ్గర ఆపిందో సరిగ్గా అక్కడ మళ్లీ అందుకునేది. రాజులూ రాకుమార్తెలూ ఆమె కథల్లో ఉండరు. దక్షిణ అమెరికాలో ఒక మగకప్ప పిల్లలను గొంతు సంచిలో పెట్టుకుని పెంచుతుందని చెప్పేది. ఇంకో చోట కప్ప పొట్ట అద్దంలాంటిదట, లోపల గుండె కొట్టుకోవడం కనబడుతుందట. కాళ్లు లేని ఉభయచరాలు ఉన్నాయట, చూస్తే వానపాములే. వాటిలో కొన్ని తల్లులు తమ పైచర్మాన్నే పిల్లలకు తినిపిస్తాయట.

"తల్లులందరు చేసేది గదే" అన్నాను. "దానికో పాఠమెందుకు?"

ఆమె పట్టించుకోలేదు. "మెక్సికోల ఒకటున్నది. బతుకంత నీళ్లల్లనే, పిల్లతనంలనే. ఎన్నడు పెద్దగనే కాదు."

"దాన్నే గద నీ కొడుకని చెప్పి నా బిడ్డకిచ్చి చేస్తివి."

ఆ రోజు ఆమె నవ్విన నవ్వుకు పైన పోయే విమానం వినబడలేదు.

మంచుదేశంలో ఒక కప్ప చలికాలమంతా గడ్డకట్టి, గుండె కూడా ఆగి, ఎండ రాగానే మళ్లీ కదులుతుందని చెప్పినప్పుడు మనవరాలు, "అంటే సచ్చిపోయినట్టా నానమ్మా?" అంది. "ఆగినట్టు బిడ్డా" అంది వదినె. ఆమె పోయిన రోజు ఆ పిల్ల నా కొంగు పట్టుకుని, "అమ్మమ్మా, నానమ్మ ఆగిందా?" అని అడిగింది. లేదు బిడ్డా, పోయింది అన్నాను. పాఠం తప్పు చెబితే వదినె ఊరుకునే మనిషి కాదు.

ఇక మన పార్కు జాగ సంగతి. ఎండాకాలంలో దానికి సిమెంటు టైల్స్ వేద్దామని సంఘం తీర్మానించినప్పుడు అడ్డం పడింది ఆమె ఒక్కతే. "కింద నిద్రపోతున్నయి. మొదటి పెద్దవాన దాకా ఆగున్రి. ఒక్క కప్ప బయటికి రాకున్నా నేనే దగ్గరుండి వేయిస్త" అంది. అధ్యక్షుడు నవ్వాడు. "దినాం ఈడనే వాకింగ్ చేస్త టీచరమ్మా. రాయోలె ఉన్నది నేల. ఒక్కటి కనబడలె."

"నువ్వు మీద నడుస్తున్నవ్ నాయనా. అవి కింద పన్నయి."

వాన రాకముందే ఆమె పోయింది. టైల్స్ లారీ వచ్చి దించి కూడా పోయింది. అధ్యక్షుడు నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, టీచరమ్మ పోయె పాపం. వానలు గూడ మొఖం చాటేసినయ్. ఇగ పని షురూ చేస్తం" అన్నాడు.

"ఆమె వానదాకా ఆగమన్నది. బతికున్నదాకా అనలె."

నా నోటికి దండం పెట్టి, ఆలోపు వానపడి కప్పలొస్తే టైల్స్ వెయ్యనని మాటిచ్చి, దినాలు అయ్యేదాకా గడువిచ్చాడు. అతని ముందు గట్టిగానే అన్నాను గానీ, లోపల నాకు దడ. కప్పలు రాకపోతే? జవాబు చెప్పుకోవడానికి ఆమె లేదు. ఆమె మాట టైల్స్ కింద పడిపోతుంది, మీరు దాని మీద వాకింగ్ చేస్తారు.

దినాల ముందురోజు సాయంత్రం మంఖాల్ దిక్కునుంచి మబ్బు లేచింది. కురిసింది చూడండి వాన! వెలుతురు పోకముందే తగ్గితే, మనవరాలి చెయ్యి పట్టుకుని పార్కు జాగకు పోయాను. పల్లపు మూల మడుగైంది. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక గొంతు. దానికి జవాబుగా ఇంకొకటి. రాయిలాంటి ఆ నేల అక్కడక్కడ పొంగి, పగిలి, అందులోంచి బోండాల్లాంటి గుండ్రటి కప్పలు మట్టి దులుపుకుంటూ వచ్చాయి. మడుగులో పెద్దకప్పలు ఒళ్లంతా పసుపు పూసుకున్న పెండ్లికొడుకుల్లా ఉన్నాయి. అప్పుడే ఒక విమానం దిగింది. అది పోయాక విన్నాం, వాళ్ల మాట వాళ్లు నడిపిస్తూనే ఉన్నారు.

అధ్యక్షుడు నిక్కరుతో, గొడుగుతో నిలబడిపోయాడు. "ఇన్ని యాడికెళ్లి వచ్చినయ్ పెద్దమ్మా?"

"నీ వాకింగ్ కిందికెళ్లి."

మంచివాడే, మాట తప్పలేదు. ఆ టైల్స్‌ను కాలనీ గేటు ముందరి బురద సందుకు వేయించాడు. మర్నాడు దినాలలో నేను కడుపునిండా తిన్నాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు అక్కర్లేదు.

వదినె మా ఇంటినుంచి పోతూ ఎన్నడూ వెన్ను చూపలేదు. చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉండేది, అందుకని మాట్లాడుతూ మాట్లాడుతూ గేటుదాకా వెనక్కి నడిచి, స్కూటీకి తగిలి ఆగేది. మొన్న మడుగు ఇంకిపోయాక ఒడ్డున ఒక బోండాకప్పను చూశాం. వెనక కాళ్లతో మట్టి తోసుకుంటూ, ముఖం మా వైపే పెట్టి, వెనక్కి వెనక్కి దిగిపోయింది. చివరికి రెండు కళ్లు మిగిలాయి. తర్వాత మట్టి.

ఆమె చేట, మగ్గు మా గేటు పక్కన మేకుకు తగిలించాను. మీ బాత్రూంలోకి ఎవరైనా వస్తే చీపురు ఎత్తకండి, వచ్చి అవి తీసుకుపోండి. పార్కు పల్లంలో మెత్తటి మట్టి చూసి, నెమ్మదిగా దింపండి. మగ్గు కడిగి మళ్లీ మేకుకు తగిలించండి. ప్రేమగా చూడాల్సిన పనేమీ లేదు. దయచెయ్యండి అంటే చాలు.