ముప్పై ఒక్క నిబంధనలు, రెండు కాళ్లు

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ పొద్దున సెక్యూరిటీ అతను నా ఫోన్ తీసుకుని, కెమెరా మీద ఒక గుండ్రటి స్టిక్కర్ అంటించి తిరిగి ఇస్తాడు. లోపల ఎవరూ ఫోటోలు తీయకూడదని నిబంధన. ఆ నిబంధన రాసింది నేనే. అయినా నన్ను కూడా నమ్మడు. నమ్మకూడదని కూడా నేనే రాశాను. "సార్, ఆప్ హీ నే తో లిఖా హై," మీరే కదా రాశారు అంటూ ఆ బిహార్ అతను నవ్వుతూ అంటిస్తాడు. నేను నవ్వకుండా ఫోన్ జేబులో వేసుకుంటాను.

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో నాది కాగితాల ఉద్యోగం. మందు తయారుచేసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు ఏం చేశారో రాసుకున్న కాగితాలు చూసి తప్పులు పట్టడం నా పని. ప్రతి కాగితం కింద రెండు గడులుంటాయి: చేసినవారు, సరిచూసినవారు. రెండింట్లోనూ ఒకే మనిషి సంతకం ఉందంటే ఆ కాగితం చచ్చినట్టే. పోయిన వేసవిలో జోగిపేట నుంచి వచ్చే ఒక కెమిస్ట్ అమ్మాయి, బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో రెండు గడుల్లోనూ తనే సంతకం పెట్టేసింది. ఆ అమ్మాయిని నిలబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. "నువ్వే చేసి నువ్వే చూసుకుంటె ఇగ నేనెందుకమ్మా ఇక్కడ?" అన్నాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం ఆ పూట అన్నం బాగా సహించింది.

ఇలాంటి తప్పు దొరికినప్పుడల్లా ఒక నివేదిక రాయాలి. అందులో 'మూలకారణం' అని ఒక గడి ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ గడిలో మేం రాస్తున్నది ఒక్కటే మాట: మానవ తప్పిదం. ఆ మానవుడు ఎవరని తనిఖీకి వచ్చినవాళ్లు అడగరు, మేం చెప్పం. తప్పు జరిగిందని అందరూ ఒప్పుకుంటారు, చేసినవాడు మాత్రం ఎవడూ ఉండడు. అందరూ కలిసి టీ తాగి లేచిపోతాం.

సాయంత్రం ఇస్నాపూర్‌లోని మా ఇంటికి వచ్చాక ఆ స్టిక్కర్ పీకేది నా భార్య. నా ఫోన్‌తో ఫోటోలు తీసేది కూడా ఆవిడే. పెళ్లయిన కొత్తలో రీలు కెమెరా ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఫోటోలన్నీ ఆవిడ తీసినవే. నేను తీస్తే తలలు తెగిపోతాయి. ఇంట్లో నాలుగు ఆల్బమ్‌లు ఉన్నాయి. అత్తలు, బావలు, వాళ్ల పిల్లలు, పక్కింటివాళ్ల కుక్క, అందరూ ఉంటారు. ఆవిడ ఒక్కతే ఉండదు. ఏ ఫోటో ఎవరు తీశారని కూడా చుట్టాల్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఒక ఆదివారం పొద్దున మేడ మీద ఆవిడ తీసిన ఫోటోతో ఈ కథంతా మొదలైంది. మా పై గదుల్లో ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు కిరాయికి ఉంటారు. వారానికి ఒక్క సెలవు కాబట్టి ఆ రోజే అందరూ యూనిఫాంలు ఉతుకుతారు. తొమ్మిది నీలం చొక్కాలు ఒకే తాడు మీద, చేతులు కిందికి వేలాడేసి వరుసగా ఆరుతున్నాయి. వాటి వెనకాల నేను నిలబడి, సెలవు పూట కూడా ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఎవర్నో తిడుతున్నాను. ఫోటోలో నా మొహం లేదు. చివరి చొక్కా కింద నా రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

ఆ వారమే ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ ఫోటో పోటీ ప్రకటన ఇంగ్లీషులో వచ్చింది. విషయం: పని, విరామం. చివరికి ఇరవై ఫోటోలు ఎంచి, హైదరాబాద్‌లో పెద్దవిగా అచ్చువేసి ప్రదర్శిస్తారట. ప్రతి ఫోటో కింద తీసినవారి పేరు రాస్తారట. నా భార్య బహుమతి ఎంతని అడగలేదు. పేరు రాస్తారన్న ఆ ఒక్క మాటే రెండుసార్లు చదివించుకుంది.

"కింద నా పేరు వస్తదా?" అంది.

"ఎందుకు రాదు? వస్తది," అన్నాను.

"ఒక్కసారన్న పేరు సూసుకోవాలని ఉన్నది. గంతే," అంది.

నిబంధనలు చదివే బాధ్యత సహజంగానే నేను తీసుకున్నాను. మొత్తం ముప్పై ఒకటి. పటాన్‌చెరులో ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నా సంతోషం ఏమని చెప్పను? మామూలు మనుషులు నిబంధనల చివర 'అంగీకరిస్తున్నాను' అన్న గడి నొక్కి ముందుకు పోతారు. వాళ్లను చూస్తే నాకు జాలి. ఫోటో పొడవు ఇన్ని పిక్సెల్ చుక్కలకు తగ్గకూడదు, ఫైలు ఇంతకు మించి బరువు ఉండకూడదు. అంటే మనిషి లావుగా ఉండాలి కానీ కాటా మీద తేలిగ్గా తూగాలి. ఫోటో మీద ధూళి చుక్క ఉంటే తుడవచ్చు, తీగ ఉంటే తీసేయకూడదు. మా పారిశ్రామికవాడలో గాల్లో ఉన్నది ధూళో, పొగో, మబ్బో తేల్చడానికి ప్రభుత్వానికే ఏళ్లు పడుతోంది, నేనెంత? ఆ నిబంధన పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను.

పంతొమ్మిదో నిబంధన నాకు బాగా నచ్చింది. ఫోటో హక్కు తీసినవారిదే, కానీ నిర్వాహకులు దాన్ని ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పటికైనా, ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన మా మామకు అది తెలుగులో విడమర్చి చెప్పాను. ఆయన భూమి ఒకప్పుడు ఫ్యాక్టరీ కింద పోయింది.

"గిసొంటి కాయితం మీదనే మాతోని గూడ సంతకం పెట్టిచ్చుకున్నరు అల్లుడా," అన్నాడు ఆయన, చుట్ట వెలిగించుకుంటూ. "మీరు లేకుంటే ఫ్యాక్టరే లేదన్నరు. ఇప్పుడు గేటు కాడికి పోతే ఎవలు నువ్వు అంటున్నరు."

ముసలాయనకు చట్టాలు తెలియవని నవ్వుకున్నాను.

పేరు నమోదు దగ్గర వచ్చింది చిక్కు. పోటీలో చేరాలంటే ఈమెయిల్ ఉండాలి, ఆవిడకు లేదు. ఫోన్ నంబరు నా పేరు మీద ఉంది. ఆధార్‌లో ఆవిడ ఇంటిపేరు ఇంకా పుట్టింటిదే. ఇవన్నీ సరిచేసుకోవాలంటే మీసేవ చుట్టూ వారం తిరగాలి. గడువు రెండు రోజులే ఉంది. అందుకని నా పేరుతోనే పంపేద్దామని తేల్చాను. ఆరో నిబంధన 'ఫోటో పంపేవారి సొంత పని అయి ఉండాలి' అంటోంది. ఇరవై ఏళ్ల అనుభవంతో దాన్ని ఇలా అర్థం చేసుకున్నాను: ఫోన్ నాది, మేడ నాది, ఫోటోలో కాళ్లు నావి, తీసిన భార్య కూడా నాదే. ఇంతకన్నా సొంతం ఏముంటుంది?

"మరి నా పేరు?" అంది ఆవిడ.

ఎనిమిదో నిబంధన చూపించాను. ఫైలు పేరులో తీసినవారి పేరు ఉండరాదని అందులో ఉంది. జడ్జీలు పక్షపాతం చూపకూడదని పెట్టిన నిబంధన అది. నేను మాత్రం ఆ వాక్యం మీద వేలు పెట్టి, "సూడు, పేరు ఉండొద్దని వాళ్లే అంటున్నరు. గెలిస్తే అప్పుడు నేను చెప్తగద," అన్నాను.

ఆవిడ ఆ కాగితం వైపు, నా వైపు చూసి, "నువ్వు సదువుకున్నోనివి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. పొగిడిందనుకున్నాను.

ఇక పద్నాలుగో నిబంధన. ఫోటోలో గుర్తుపట్టగల మనిషి ఎవరైనా ఉంటే ఆ మనిషి సమ్మతిపత్రం జతచేయాలి. నావి కాళ్లే కదా, ఎవరు గుర్తుపడతారు అని ఇంకొకడైతే వదిలేసేవాడు. నేను వదలను. పదేళ్ల కింద నా ఎడమకాలి మీద డ్రమ్ము పడి రెండో వేలు వంకర పోయింది. మా ఫ్యాక్టరీలో ఆ వేలు తెలియనివాడు లేడు. కాబట్టి గుర్తుపట్టవచ్చు. కాబట్టి పత్రం కావాలి. ప్రింటు తీశాను. 'ఫోటోలో ఉన్న వ్యక్తి' అన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను. 'ఫోటో తీసిన వ్యక్తి' అన్నచోట కూడా నా పేరు రాసి సంతకం పెట్టాను. అదే పెన్ను, అదే తేదీ. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఇంత శుభ్రమైన కాగితం మా ఫ్యాక్టరీలో ఏనాడూ చూడలేదని మురిసిపోయి, స్కాన్ చేసి పంపాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. మా ఫోటో చివరి ఇరవైలోకి వచ్చింది. ఆ చొక్కాల వరుస కింద రెండు కాళ్లే ఫోటోకు ప్రాణమని జడ్జీలు అన్నారట. దారిలో పావుకిలో మైసూర్‌పాక్ కొనుక్కుని ఇంటికి వచ్చి, ఆ మెయిల్ గట్టిగా చదివాను. కాళ్ల ముక్క రెండోసారి చదివాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ మొహం అలా వెలగడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. 'మీ సమ్మతిపత్రం ప్రకారం ఫోటోలో ఉన్నది మీరే, తీసినదీ మీరే. ఇది ఎలా తీశారో దయచేసి తెలపండి.'

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. జోగిపేట అమ్మాయి మొహం కళ్లముందు కదిలింది. ఆ అమ్మాయి కనీసం బస్సు కోసం పెట్టింది. నేను తీరిగ్గా కుర్చీలో కూర్చుని పెట్టాను.

అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాణ్ని కదా, మరోసారి నిబంధనలన్నీ తిరగేశాను. దారి దొరికింది. టైమర్ పెట్టి తన ఫోటో తానే తీసుకోవచ్చని పదకొండో నిబంధన ఒప్పుకుంటోంది.

"టైమర్ పెట్టి తీసిన అని రాస్త. అయిపోతది," అన్నాను.

ఆవిడ మైసూర్‌పాక్ పొట్లాన్ని బల్ల మీద పక్కకు జరిపింది. తర్వాత నిదానంగా అంది, "రాయి. ఇన్నేండ్ల సంది ఈ ఇంట్ల నేను టైమర్‌నే గద."

కోపంగా అన్నా బాగుండేది. నాకు సిగ్గేసింది. ఏళ్ల తరబడి అందరి కాగితాల్లో అబద్ధాలు పట్టినవాణ్ని, మా ఇంట్లో అబద్ధం నా పేరు మీదే నడుస్తోంది. మైసూర్‌పాక్ పొట్లం విప్పకుండానే మెయిల్ రాశాను. ఫోటో తీసింది నా భార్య, పంపింది మాత్రమే నేను, దయచేసి ఆమె పేరు వేయండి అని బతిమాలాను.

మర్నాడు మర్యాదగా జవాబు ఇచ్చారు. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆరో నిబంధన ప్రకారం ఎంట్రీ రద్దు. ఇరవై ఏడో నిబంధన ప్రకారం, ఒకసారి పంపిన ఫోటోను ఇక ఎప్పుడూ, ఎవరి పేరుతోనూ పంపరాదు. నా ప్రింటు తీసి చూసుకున్నాను. ఇరవై ఏడో నిబంధన కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలున్నాయి, నేనే గీశాను.

ఆవిడకు చదివి వినిపించాను.

"అంటే గా ఫోటో ఇగ పోయినట్టేనా?"

"పోయినట్టే."

"ఇప్పుడు నా పేరుతోని పంపినా గూడ తీస్కోరా?"

"తీస్కోరు."

"బాగుండె ఫోటో," అని, మేడ మీద బట్టలు తీయడానికి వెళ్లింది. ఆ రోజు ఆదివారమే. పైన నీలం చొక్కాలు ఆరుతూనే ఉన్నాయి. ఫోన్ మాత్రం బల్ల మీదే వదిలి వెళ్లింది.

క్షమించమని నోటితో అడగడం నాకు చేతకాదు. నాకు చేతనయింది ఒక్కటే. తెల్లకాగితం తీసి, మా ఫ్యాక్టరీ పద్ధతిలో నివేదిక రాశాను. జరిగినది: భార్య తీసిన ఫోటో భర్త పేరుతో పంపబడింది. నష్టం: ఫోటో శాశ్వతంగా అనర్హం. దిద్దుబాటు చర్య: భార్యకు ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు. మూలకారణం అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటు చొప్పున దానంతటదే రాసేసింది: మానవ తప్పిదం. కింద రెండు గడులు గీసి, ఆవిడ కిందికి రాగానే చేతికి ఇచ్చాను.

ఆవిడ బట్టలు మంచం మీద పడేసి, నిలబడే మొత్తం చదివింది. నాకంటే నిదానంగా చదివింది. మూలకారణం దగ్గర ఆగింది.

"మానవ తప్పిదం అంటే?"

"మనిషి చేసిన తప్పు."

"ఏ మనిషి?"

ఇరవై ఏళ్లలో ఎంతమంది తనిఖీ అధికారులు వచ్చారో నాకు గుర్తులేదు. విమానాలెక్కి వచ్చినవాళ్లు, టైలు కట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"పేరు రాయి," అంది, కాగితం నా ముందు పెట్టి.

రాశాను, ఇంటిపేరుతో సహా. చేసినవారు అన్న గడిలో సంతకం పెట్టాను. ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుని, సరిచూసినవారు అన్న రెండో గడిలో పుట్టింటి ఇంటిపేరుతో మొదలుపెట్టి తన పూర్తి పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా, గుండ్రంగా రాసింది. రాసి కాసేపు దాన్నే చూసుకుంది. అలా ఒక కాగితం కింద నా భార్య పేరు వచ్చింది. ఆ పేరు రావలసిన చోటు మాత్రం అది కాదు.