పన్నీరు రోజా పాదులో ఉప్పు

నిన్న మా తిరుపతి అపార్టుమెంటు గేటు దగ్గరికి తోపుడుబండి మీద రోజా మొక్కలు వేసుకుని ఒకతను వచ్చాడు. మొక్క నచ్చింది గానీ, తొట్టిలోకని అతనిచ్చే మట్టి మీద నాకు నమ్మకం కుదరలేదు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. "ఏందమ్మా, మన్ను తింటా ఉండావు?" అని అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ అలవాటు నాకు మా అత్తగారి దగ్గర అబ్బింది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో మట్టి రుచి చూడడం ఒకటి, ఎవరినీ ఓ పట్టాన నమ్మకపోవడం రెండోది.

తొంభైల చివర్లో చిత్తూరుకు కాపురానికి వచ్చాను. ముందు వాటాలో మేము, వెనక వాటాలో అద్దెకు బస్సు కండక్టరు కుటుంబం. మధ్యనున్న చిన్న పెరడు అత్తగారి రాజ్యం. కార్వేటినగరం దగ్గరి రైతుల ఇంటి ఆడపడుచు కదా, మట్టి కలపడమంటే ఆవిడకు పెళ్ళివంటంత పని. మూడు తట్టల ఎర్రమన్ను, ఒక తట్ట చెరువు ఒండ్రు, ఒక తట్ట ఎండిన మేక పెంటికలు. పైన చెనిక్కాయ చెక్క, అదే నూనె తీసిన వేరుశనగ పిప్పి, నీళ్ళలో పులియబెట్టి పోసిందంటే, వీధి వీధంతా ముక్కు మూసుకోవాల్సిందే. అంత కంపులోంచి ఆ పెరటి పన్నీరు రోజాకు ఆ వాసన ఎలా పుట్టేదో! పొద్దున లేస్తూనే మొగ్గలు లెక్కపెట్టేది. ఒకటి తగ్గిందా, ఇంట్లో ఆడవాళ్ళ కొప్పులన్నీ తనిఖీ. మొదట నాదే.

కండక్టరు భార్య ఒకసారి నాటుకుంటానని కొమ్మ అడిగింది. ఇవ్వలేదు సరికదా, ఆ రోజు నుంచి "ఆయమ్మ కండ్లు నా చెట్టు మీదనే ఉండాయి" అంటూ అత్తగారు కిటికీ దగ్గర కాపలా మొదలుపెట్టింది. పాపం, ఆమెకు చెట్టు మీద ధ్యాస ఎక్కడిది? పదో తరగతి పరీక్షలకు చదువుతున్న కూతురి మీదే ప్రాణమంతా. తన చదువు ఏడుతో ఆగిపోయింది, పిల్లదైనా గట్టెక్కాలని. ఆ పిల్ల పెరటి మెట్ల మీద కూర్చుని పైకి చదువుకుంటుంటే, "పుస్తకం అడ్డం పెట్టుకోని మొగ్గలు సూస్తా ఉండాది" అనేది మా అత్తగారు.

ఇక నా ఘనకార్యం. వాడుకకు దించిన నిమ్మకాయ ఊరగాయ జాడీలో నేను తడి గరిటె పెట్టాను. వారానికి చూద్దును కదా, తెల్లగా బూజు. కొత్త కోడలి గుండె గుభేలుమనదా? ఎక్కడ పారేసినా ఆవిడ పట్టేస్తుంది. ఆ పొద్దునే ఎరువు వేయడానికని రోజా పాదు తవ్వి గుల్ల చేసింది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా ముక్కలూ, ఉప్పు ఊటా అంతా ఆ పాదులో కప్పెట్టేసి, అటక మీది పెద్ద జాడీలోంచి మళ్ళీ నింపి పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పది రోజుల్లో ఆకుల అంచులు మాడి, మొగ్గలు వాలి, చెట్టు నిలువునా ఎండిపోయింది. అత్తగారు పాదులో మన్ను నాలుక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మింది. "ఉప్పు! ఎవురో వేళ్ళకు ఉప్పు పోసినారు మే!" ఎవరో అంటూనే వెనక వాటా వైపు చూసింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటానేమోనని నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను.

"నా బిడ్డ మీద ఒట్టు పెద్దమ్మా, నేను చెట్టును తాకను కూడా లేదు. పరీక్షలు నెల రోజులే ఉండాయి. అవి అయినంక పోతాము" అని కండక్టరు భార్య కాళ్ళావేళ్ళా పడింది. అత్తగారు వినలేదు. "ఈ పొద్దు చెట్టుకు పోసింది, రేపు మన కూట్లో పోస్తాది" అని వారంలో ఖాళీ చేయించింది. సామాను ఎత్తేటప్పుడు ఆమె నా వైపు తిరిగి "నువ్వన్నా చెప్పక్కా" అంది. నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చాను.

వాళ్ళు వెళ్ళిన మూడో రోజు అత్తగారు చచ్చిన చెట్టును పెకలించడానికి గడ్డపార వేసింది. మన్నుతో పాటు నిమ్మకాయ ముక్కలు పైకొచ్చాయి. ఒకటి తీసి వాసన చూసింది. తర్వాత నా మొహం చూసింది. కొట్టినా బాగుండు అనిపించింది నాకు. "వాళ్ళను పిలిపిద్దాం అత్తా" అన్నాను ఏడుస్తూ. ఆవిడ ఆ ముక్కను మళ్ళీ గుంతలోనే పడేసింది. "ఏమని పిలిచేది? ఈ మొగం యాడ పెట్టుకునేది మే?" అంది. పార తెచ్చి నా చేతికిచ్చింది. నేను మట్టి తోశాను, ఆవిడ కాలితో తొక్కి గట్టి చేసింది.

మళ్ళీ ఆ ఊసు మా ఇద్దరి మధ్యా రాలేదు. అత్తగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. చిత్తూరు బజారులో ఒకటి రెండుసార్లు కండక్టరు భార్య ఎదురుపడబోతే, నేను పక్కనున్న కొట్టులోకి దూరిపోయాను. ఆ పిల్ల పరీక్షలు ఎలా రాసిందో ఈ రోజుకీ నాకు తెలియదు. అడగాలంటే సిగ్గు, తెలుసుకోవాలంటే భయం. "నేనే పోశాను" అనడానికి ఒక్క నిమిషం చాలు. నాకు పాతికేళ్ళు పట్టింది, అదీ చెప్పాల్సిన మనిషితో కాదు, మీతో.