గుర్రమాయన, మా చీనీ తోట

నిన్న పొద్దున మా తోటలో ఉన్నవాళ్లు, ఉన్నవి: నాయన, అమ్మ, నేను, మోటారు మెకానిక్, మూడు కాళ్ల ఇనుప స్టాండు, గొలుసు కప్పీ, బోరులోంచి ఊడదీసి పేర్చిన పద్దెనిమిది పైపులు, వాటి చివర మోటారు, నాయన చేతిలో అట్ట లేని ఒక పుస్తకం.

"అన్నా, అడుగున బురద గూడా లేదు. ఇంగ దీన్ని మళ్లీ దించొద్దు," అన్నాడు మెకానిక్. నాయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ పుస్తకం నాయన కదిరిలో పాత కాగితాల అంగట్లో కొన్నది. మొదటి పేజీలు చిరిగిపోయి, ఎవరి కథో తెలియకుండా మా ఇంటికి వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట దక్షిణ అమెరికాలో బాగా కలిగిన ఇంట పుట్టి, చిన్న వయసులోనే భార్యను పోగొట్టుకుని, సైన్యంతో మంచు కొండలు దాటి, పరాయి రాజు చేతిలోంచి దేశాలకు దేశాలనే విడిపించిన నాయకుడి జీవితం అది. సొంత భూముల్లోని బానిసలకు విడుదల ఇచ్చాడు, రాజ్యాంగం రాశాడు, అధ్యక్షుడయ్యాడు. పాలిటెక్నిక్ లైబ్రరీలో ఆయన పేరు కనుక్కుని చెప్పాను గానీ, లోపల ఆయన గుర్రమెక్కిన బొమ్మ ఉన్నందువల్ల మా ఇంట్లో ఆయన గుర్రమాయనగానే ఉండిపోయాడు.

నేను పాలిటెక్నిక్‌లో చదివే ఆ రోజుల్లో నాయన తనకల్లు దగ్గర మా ఊరికి సర్పంచు. ఆ ఎండాకాలం ఊరి బోర్లన్నీ ఎండిపోయి, మా తోట బోరు ఒక్కటే మిగిలింది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి మా కంచె దగ్గర కూర్చునేవారు. ఏమీ అడిగేవారు కాదు. ఇరవై లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లకు నిండుతుందో వాచీ చూసి కొలిచాను. ఆ నీళ్లు ఊరికి సరిపోతాయి, లేదా తోటకు సరిపోతాయి. రెండింటికీ చాలవు. ఆ తోట తప్ప మాకు వేరే ఆధారం లేదు.

"ఒరే, ఎన్ని దినాలు తట్టుకుంటాయిరా చెట్లు?" అని నాయన అడిగాడు. మేం చీనీ అనే బత్తాయి చెట్లు బాగా పూయడానికి ఏటా కొన్నాళ్లు నీళ్లు ఆపి, బెట్టకు వదలడం మా వైపు అలవాటు. ఆ లెక్కతోనే, డిప్లొమా చదువుతున్నానన్న ధీమాతో, నలభై దినాలని చెప్పాను. ఆ ఏడు చెట్లు అప్పటికే ఒక బెట్ట దాటి, పిందె మీద ఉన్నాయన్నది నా లెక్కలోకి రాలేదు.

"ఏమయ్యా, ఆ గుర్రమాయన వచ్చి పోస్తాడా నీళ్లు, మన చెట్లకు?" అంది అమ్మ.

"ఆయప్ప దేశాలే ఇచ్చేసినాడు. మనం ఒక పైపు మలపలేమా? పిల్లోడు నలభై దినాలంటాండాడు కదా," అన్నాడు నాయన.

నీళ్లు ఊరికి మలిపిన ఇరవయ్యో రోజుకు పిందె రాలింది. ముప్పయ్యో రోజుకు ఆకులు ముడుచుకున్నాయి. వాన అరవై మూడో రోజున వచ్చింది. ఊరు బతికింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాణ్ణేమో.

మరుసటి ఎన్నికల్లో అవతలి పక్షం వాళ్లు, "సొంత చెట్లను చంపుకున్నోడు ఊరినేం బతికిస్తాడప్పా" అని వీధి వీధినా తిరిగారు. కంచె దగ్గర కూర్చున్నవాళ్లూ నవ్వారు. నాయన ఓడిపోయాడు. గుర్రమాయనకూ అంతే జరిగింది. తను కలిపిన దేశాలు విడిపోతుంటే పదవి వదిలి, దేశం విడిచిపోదామని బయలుదేరి, ఓడ ఎక్కకుండానే తీరం దగ్గర చనిపోయాడు. పాతిపెట్టేటప్పుడు ఒంటి మీది చొక్కా కూడా ఇంకొకరిదని చెబుతారు. ఆ పేజీ దగ్గర నాయన ఒక ఎండు చీనీ ఆకు పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఊళ్లో ఇంటింటికీ కొళాయి ఉంది. బిందె చంకనెత్తుకుని తోట దాకా నడిచే పని ఎవరికీ లేదు, ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు మా బోరు ఎక్కడో తెలియదు. అది మంచిదే, అందుకే కదా ఇచ్చింది అని చెప్పుకుంటాను. కానీ మెకానిక్ స్టాండు విప్పుకుని పోయాక నాయన, ఆనాటి నమ్మకంతోనే నా వైపు తిరిగి, "ఒరే, మిగిలినవి ఎన్ని దినాలు తట్టుకుంటాయిరా?" అని అడిగాడు.

ఈసారి నేను దినాలు కాదు, చెట్లు లెక్కపెట్టాను.

నాటిన చెట్లు రెండు వందల పది. మిగిలినవి పదకొండు.