కుమ్హారి నిచ్చెన మీద చారలు

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ముప్పై ఆరేళ్లు స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసినవాడు అలాంటివి నమ్మితే పని జరగదు. లైటు ఆరితే ఫ్యూజు చూస్తాం. మోటారు మూలిగితే బేరింగు చూస్తాం. రిటైరై పన్నెండేళ్లయినా ఆ బుద్ధి మారలేదు. ఇప్పుడు ఇది రాయిస్తున్నది కోపం. భయపడ్డానని ఎవరైనా అనుకుంటే నా తప్పు కాదు.

ప్లాంటు పక్క బస్తీ ఖుర్సీపార్‌లో, మా ముందుగదిలో మా అమ్మాయి రత్న కంప్యూటర్ ఉంది. తను మెట్లకీ రెయిలింగులకీ షెడ్లకీ డ్రాయింగులు గీస్తుంది. ఆ డ్రాయింగులో ఏ అంకె ఉంటే ఆ అంకెకే ఫ్యాబ్రికేషన్ షాపువాళ్లు ఇనుము కోసి వెల్డింగు చేస్తారు. టేపు పట్టుకుని వెళ్లి కొలతలు తేవడం నా పని.

ఆ సోమవారం ఉదయం పదింటికి స్క్రీన్ మీద ఎరుపూ ఆకుపచ్చా చారలు మంటల్లా లేచాయి. వెనకనుంచి పొగ వచ్చింది. పక్కింటి పార్వతమ్మ చూసి కళ్లు తిరిగి పడిపోయింది. నాలుగిళ్లవాళ్లు పోగయ్యారు.

సరే, పొగ రాలేదు. పార్వతమ్మ మా మిక్సీ అడగడానికి వచ్చి, "ఏటి, టీవీ పాడైపోనాదా?" అని మిక్సీ తీసుకుని వెళ్లిపోయింది. ఇంకెవరూ రాలేదు. చారలు మాత్రం నిజం.

అవి వచ్చింది ఒక్క డ్రాయింగులోనే. దగ్గరి ఊరు కుమ్హారిలో ఒక ఆడపిల్లల హాస్టల్ మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది. దానికి ఇనుప నిచ్చెన కావాలి. దుకాలు అనే వాచ్‌మన్ రోజూ పొద్దున్నే ట్యాంకు చూడటానికి ఎక్కుతాడు. పాత నిచ్చెన తుప్పు పట్టి మెట్లు ఊడిపోతున్నాయి. శుక్రవారం సాయంత్రానికి డ్రాయింగు షాపుకి చేరాలి. చారలు ఆ నిచ్చెన పైముక్క మీదా, దాని పక్కనున్న అంకె మీదా పడ్డాయి. మిగతా బొమ్మ శుభ్రంగా ఉంది.

"నాన్నా, గ్రాఫిక్స్ కార్డ్ గయా అనుకుంటా," అంది రత్న. స్క్రీన్ మీద కనిపించే బొమ్మను తయారుచేసి పంపే పలక అది, పోయిందంటోంది. మార్కెట్లో వాసు షాపులో కొన్నాం. నాకు అక్కడే మండింది. వాసుకి ఫోన్ చేసి పాత కార్డు అంటగట్టావని అరిచాను. ఏ పరీక్షా చేయకముందే అరిచాను.

తర్వాత పరీక్షలు చేశాం. కంప్యూటర్ చేతే స్క్రీన్ ఫొటో తీయించాం. అందులో చారలు లేవు. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీశాం. అందులో ఉన్నాయి. అంటే బొమ్మ బాగానే తయారవుతోంది, దారిలో పాడవుతోంది. కేబులో, మానిటరో అయివుండాలి. కానీ కేబులు చెడితే చారలు అద్దం మీద ఒకచోట ఉండిపోవాలి. ఇవి అలా ఉండలేదు. రత్న డ్రాయింగును పక్కకి జరిపితే చారలూ జరిగాయి. చిన్నది చేస్తే చిన్నవయ్యాయి. కేబులు మార్చాం, అవే చారలు. మానిటరు తీసేసి కంప్యూటర్‌ని టీవీకి తగిలించాం, మళ్లీ అవే.

మంగళవారం కంప్యూటర్ డబ్బా విప్పి ఎర్రదుమ్ము దులిపాను. కార్డును తీసి మళ్లీ బిగించాను. చారలు పోలేదు. ఆ కోపంలో నా పాత ట్రంకులోంచి ఎర్ర ట్యాగ్ ఒకటి తీసి కంప్యూటర్ స్విచ్చుకి కట్టేశాను.

ట్యాగ్ సంగతి చెప్పాలి. ప్లాంటులో మిషను మీద పని చేసేటప్పుడు స్విచ్చుకి ఎర్ర అట్ట కడతాం. మీద మన పేరుంటుంది. కట్టినవాడే విప్పాలి. విప్పే ముందు దాని వెనక సంతకం చెయ్యాలి: పని పూర్తయింది, మనుషులకు ప్రమాదం లేదు, నడపవచ్చు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకడి ట్యాగ్ ముట్టుకోడు. రత్న ప్లాంటు వాళ్ల సెక్టర్ 7 క్వార్టర్లో పెరిగిన పిల్ల, తనూ ముట్టుకోదు. పని ఉన్నప్పుడల్లా నేనే ట్యాగ్ పక్కకి పట్టుకుని స్విచ్ వేస్తూ వచ్చాను. డ్రాయింగు బయటికి పంపాలంటే మాత్రం ట్యాగ్ విప్పాల్సిందే అన్నాను.

"శుక్రవారం పంపాలి నాన్నా. మజాక్ కాదు."

"కార్డు బాగుపడకుండా నాను విప్పను."

బుధవారం వాసు కార్డు తీసుకెళ్లి పూటంతా తన షాపులో కార్డు మీద భారం వేసే కంప్యూటర్ ఆటలు ఆడించి చూశాడు. ఒక్క చార రాలేదు. తిరిగి తెచ్చి, "అంకుల్, కార్డ్ ఏకదమ్ ఫిట్. మీ కళ్లు చూపించుకోండి," అన్నాడు. కార్డు బిగించి స్క్రీన్ చూపించాను. నవ్వు ఆగిపోయింది. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడితే ఇలా మెరుస్తుందన్నాడు. రత్న వెతికింది. అక్కడున్నది ఒకటే గీత. చివరికి కార్డు పూర్తిగా పీకేసి, లోపలి బోర్డుకున్న వేరే సాకెట్లో కేబులు పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డు బల్ల మీద ఉంది. చారలు నిచ్చెన మీద ఉన్నాయి.

వాసు కార్డును మెల్లగా నా వైపు జరిపాడు. "యే మేరా డిపార్ట్‌మెంట్ నహీ హై, అంకుల్. పూజ చేయించండి."

తన పని కాదట. వాణ్ని బయటికి గెంటినంత పని చేశాను.

గురువారం పొద్దున్న రత్న టీ ఇచ్చి, ఆ అంకె వైపు చూస్తూ అడిగింది. "నాన్నా, ఈ నంబర్ ఎలా తెచ్చావు?"

"టేపుతో. మరేటితో తెస్తారు?"

"పైదాకా ఎక్కావా?"

"ఎక్కకుండా ఎలాగొస్తాది? ముప్పై ఆరేళ్ల సర్వీసు నాది. నన్నడుగుతావేటి?"

తను గొంతు పెంచలేదు. "ఠీక్ హై. అయితే సంతకం పెట్టి ట్యాగ్ విప్పు. ఇప్పుడే పంపేస్తాను."

పెన్ను తీశాను. ట్యాగ్ తిప్పాను. మనుషులకు ప్రమాదం లేదు అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. జీవితంలో నేను చాలా అబద్ధాలాడాను, ఆడుతూనే ఉన్నాను. ఆ అట్ట వెనక మాత్రం ఎప్పుడూ ఆడలేదు.

నేను పైదాకా ఎక్కలేదు. ఆ రోజు మోకాలు సలుపుతోంది. మేడ వరకు వెళ్లి, అక్కడ నిలబడి ట్యాంకు కింది ప్లాట్‌ఫారం చూశాను. మా ప్లాంటులో అచ్చం అలాంటి ప్లాట్‌ఫారాల మీద వేలసార్లు ఎక్కాను. అవన్నీ ఒకే ఎత్తు. రెండువేల నాలుగువందల మిల్లీమీటర్లు. ఆ అంకె నా నాలుక మీదే ఉంటుంది. అదే రాసి, కింద గీత కొట్టి, టీ తాగి వచ్చేశాను. మూడు రోజులు కార్డునీ వాసునీ కూతుర్నీ నేను తిట్టింది అందుకే. చారలు ఆ అంకె మీదే ఎందుకు పడ్డాయో మొదటి గంటలోనే నాకు అనుమానం వచ్చింది.

రత్నకి చెప్పాను. తను డ్రాయింగు మూసేసింది. తర్వాత, "దుకాలు భయ్యా పేరు తెలుసు నీకు. ఆయన పిల్లల పేర్లు కూడా తెలుసు," అంది. అంతే అంది. తిట్టివుంటే బాగుండేది.

శుక్రవారం తెల్లవారగానే కుమ్హారి వెళ్లాం. దుకాలు వెదురు నిచ్చెన తెచ్చి వేశాడు. నేనే ఎక్కాను. మోకాలు అరుస్తున్నా ఆగకుండా పైదాకా వెళ్లి టేపు వదిలాను. రెండువేల ఆరువందల నలభై. నా అంకె జానెడు తక్కువ. ఆ నిచ్చెన అలాగే తయారైవుంటే, పైన కడ్డీ ఉండాల్సిన చోట దుకాలు చేతికి గాలి దొరికేది.

"ఓ దిన్ తో తుమన్ ఖాల్హే మ రేహేవ్, బాబూ," అన్నాడు దుకాలు. ఆ రోజు మీరు కిందే ఉన్నారు కదా అని. తప్పు పట్టలేదు, గుర్తు చేశాడంతే. రత్న వినాలనే అన్నట్టుగా నాకు అనిపించింది.

ఇంటికి వచ్చి అంకె మార్చాం. చారలు పోయాయి. కార్డు తిరిగి బిగించాం, రాలేదు. పాత కేబులు పెట్టాం, రాలేదు. నేను సంతకం చేసి ట్యాగ్ విప్పాను. డ్రాయింగు సాయంత్రానికి షాపుకి చేరింది. ఇప్పుడు దుకాలు ఆ నిచ్చెన మీదే ఎక్కుతున్నాడు.

ఇక్కడితో ఆపితే దీన్ని నీతికథ అంటారు. నేను మెయింటెనెన్స్ మనిషిని. లోపం పోతే చాలదు, మళ్లీ రప్పించి చూడాలి. రత్న లేనప్పుడు డ్రాయింగు నకలు తీసి పాత తప్పు అంకె మళ్లీ వేశాను. అరగంట చూశాను. చారలు రాలేదు. అసలు డ్రాయింగులోనూ వేసి చూసి వెంటనే సరిచేశాను. అప్పుడూ రాలేదు. నా కోపమంతా ఇదే. తప్పుని పట్టుకునేదైతే రెండోసారి ఎందుకు పట్టుకోలేదు? కార్డు లోపమైతే, కార్డు బల్ల మీదున్నప్పుడు ఎందుకు కనిపించింది?

ఇంకో పరీక్ష కూడా చేశాను. దీన్ని అదే కంప్యూటర్ మీద ఒంటివేలితో టైపు చేస్తున్నాను. పైన కుమ్హారిలో నేనే ఎక్కానని రాశాను. ఎక్కింది రత్న. నేను కింద వెదురు నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఆ అబద్ధం కావాలనే రాసి, చారలు వస్తాయేమోనని టీ చల్లారేదాకా ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను.

శుభ్రంగా ఉంది. ఎందుకో నాకు తెలియదు. ఈ వాక్యం పట్టుకుని పైకి ఎక్కేవాడు ఎవడూ లేడనేమో.