గోపాలపట్నం నుంచి పెద్దాసుపత్రికి, మా రూతుతో

ఎనభైల మొదట్లో ప్రతి గురువారం మా చెల్లెలు రూతును గోపాలపట్నం నుంచి సముద్రం దగ్గరున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లేదాన్ని. వానకు తడిసిన డాబా మెట్ల మీద జారిపడి దాని వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. అప్పటికి దానికి ఇరవై ఆరేళ్లు. చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి, పది నెలలుగా మాటే మానేసింది. ఇంట్లో ఇలాంటి మనిషిని పెట్టుకుని ఈ దారిన వెళ్లాల్సిన వాళ్లకు పనికొస్తుందని వాటిలో ఒక గురువారం గురించి రాస్తున్నాను.

బస్సు మా వల్ల కాదు. ఏడున్నరకే ఆటోలో బయలుదేరాలి, ఆలస్యమైతే పోర్టు లారీల వెనక ఇరుక్కుంటాం. రానూపోనూ ముప్పై రూపాయలకు అప్పలరాజు అనే డ్రైవరు వచ్చేవాడు. నేను చంకల కింద, అతను మోకాళ్ల కింద పట్టుకుని ఎక్కించేవాళ్లం.

"ఏటమ్మా, పాప మరీ తేలికైపోతంది. తిండి తినట్లేదేటి?" అన్నాడతను ఆ రోజు.

రూతు కళ్లు మూసుకుంది. ముందురోజు సాయంత్రం నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. పెదవులు పగిలిపోయాయి. నా మీద కోపమనుకున్నాను, నాకూ కోపం వచ్చేది. పోర్టులో డ్యూటీలు చేసే భర్త, బడికెళ్లే పిల్లలు, దీని పక్కబట్టలు. నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

మర్రిపాలెం, కంచరపాలెం మీదుగా గంట పట్టింది. ఆసుపత్రి వ్యాయామాల గదిలో నర్సు దాని నాలుక చూసి, నీళ్లు తాగకపోతే మూత్రంలో చీము పట్టి జ్వరం వస్తుందని కేకలేసింది. రూతు ముఖం గోడ వైపు తిప్పుకుంది. పక్కనే చక్రాల కుర్చీలో పైడితల్లి అనే ఆవిడ ఉంది. నాలుగేళ్ల కిందట మేడ పనిలో ఇటుకలు మోస్తూ పడిపోయిందట.

"అక్కా, నువ్వు కాసేపు బయటికెల్లు. నాను మాటాడతాను," అంది నాతో.

గుమ్మానికి అడ్డంగా కట్టిన గుడ్డ వెనక నిలబడ్డాను.

"నీల్లెందుకు తాగట్లేదే? తడిసిపోద్దనా?"

పది నెలల తర్వాత రూతు గొంతు వినిపించింది. "ఆటోలో, ఆయన ముందు... ఇంట్లో అయితే గుడ్డ మార్చేటప్పుడు అక్క ఊపిరి బిగబట్టుకుంటుంది. తిట్టదు. తిట్టినా బాగుండేది. నేను తాగకపోతే దానికో పని తగ్గుతుంది. అసలు నేనే లేకపోతే..."

"నానూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. ఒక్కదానివే కూకుని అనుకుంటే అదే నిజమనిపిత్తాది. గురువారం వచ్చి నాకు సెప్పు. నాకు మాత్రం ఎవులున్నారు సెప్పుకోడానికి?"

రూతు ఏడ్చింది. పడిన తర్వాత అది పైకి ఏడవడం అదే మొదటిసారి. లోపలికెళ్లి కాదని చెబుదామనుకున్నాను. కానీ వెళ్లలేదు. ఊపిరి బిగబట్టే మాట నిజమే.

ఒంటిగంటకు తిరిగి బయలుదేరాం. జగదాంబ సెంటరు దాటాక రూతు నీళ్లడిగింది. సీసా మొత్తం తాగింది. కంచరపాలెం వచ్చేసరికి సీటు తడిసింది. రూతు బిగుసుకుపోయింది. అప్పలరాజు ఆటోను పక్కకు తీశాడు.

"ఏటవుద్దమ్మా? ఎండకి ఆరిపోద్ది," అని, డబ్బాలో నీళ్లు నా చేతికిచ్చి, రైలు పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

చీర చాటు చేసి బట్ట మార్చాను.

"వాసనొస్తోంది కదక్కా?" అంది.

"వస్తోంది," అన్నాను. "నాకు అలసటగా కూడా ఉంది. కానీ నువ్వు లేకపోతే నాకు బాగుంటుందని ఒక్కరోజూ అనుకోలేదు."

అది తల తెచ్చి నా భుజం మీద పెట్టింది.

రూతు నడవలేదు. అన్నం పళ్లెం తోసేసిన రోజులు తర్వాత కూడా వచ్చాయి. నా అలసటా తీరలేదు. కానీ గురువారం వస్తోందంటే ముందురోజే తల దువ్వమనేది. కొన్నాళ్లకు ఆసుపత్రి వరండాలో రూతూ పైడితల్లీ కలిపి నలుగురు ఆడవాళ్లు కుర్చీలు దగ్గరగా జరుపుకుని కూర్చునేవాళ్లు. మీకు ఒక్కటే చెబుతాను: డాక్టరు చూసిన వెంటనే మీ మనిషిని ఇంటికి తీసుకొచ్చేయకండి. తనలాంటి మరో మనిషి దగ్గర ఓ అరగంట వదిలేయండి. మీరు మాత్రం గుమ్మం దగ్గర నిలబడకుండా, దూరంగా వెళ్లి టీ తాగి రండి.