అన్ని గళ్లూ పసుపే

లీవుల షీటు తెరిచేసరికి గళ్లన్నీ పసుపురంగులో ఉన్నాయి. ప్లానింగ్ ఇంజనీరు వేలు మాత్రం ఒక్క గడి మీదే ఆగింది.

"ఇక్కడ సెప్టెంబరుండాలి. జూన్ అని నువ్వే మార్చుకున్నావు," అన్నాడు టైమ్‌కీపర్‌తో.

"గదేంది సార్? సైటు మీద మీరే గదా 'యల్లా, నడువ్, జూన్‌ల పో' అన్నరు."

"నాకు గుర్తులేదు. మాక్రో అబద్ధమాడదు."

టైమ్‌కీపర్‌ది జగిత్యాల పక్క ఊరు. కూతురు పుట్టిందగ్గర్నుంచి ఫోన్లో తప్ప చూడలేదు. ఆ లీవు అందుకే.

మాక్రో అంటే షీటులో దానంతటదే పనిచేసే చిన్న ప్రోగ్రాము. ఎవరు ఏ గడి మార్చినా పసుపు పూసి, మార్చినవాడి పేరు పక్కన పెడుతుంది. ఇంజనీరు దాన్ని నెట్‌లోంచి దించి, పైన తన పేరు రాసుకుని, గల్ఫ్‌లో, అల్ ముంతజాలోని మా ఆఫీసులో అందరికీ టీలు తెప్పించి మరీ ప్రదర్శించాడు. నేను ఇక్కడికి రాకముందు పత్రిక డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. పక్కవాడి తప్పు పట్టే పని దొరికినప్పుడు మనిషి ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు.

ప్రతి గురువారం టైమ్‌కీపర్ ఆ జాబితాను క్యాంపు గదుల వరుసలోకి మార్చి, ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటిస్తాడు. వరుస మారితే గళ్లన్నీ కదులుతాయి. కదిలినదల్లా మారినట్టే అనుకుని, అన్నిటి పక్కనా టైమ్‌కీపర్ పేరే పెట్టింది ఇంజనీరుగారి యంత్రం.

"అందరి లీవులు నేనే మార్చిన్నా సార్? మీది గూడ పసుపే ఉన్నది, జర చూస్కోండ్రి."

ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"అంతకుముందు ఆ గడిలో ఏముండేదండీ?" అని నేనడిగాను.

"అది మాక్రో గుర్తుపెట్టుకోదండీ. మారిందని చెబుతుంది, అంతే."

"పోనీ పాత కాపీ?"

"అదే ఫైలు మీద సేవ్ చేస్తాం కదండీ."

మా డెస్కులో నిన్న చేరినవాడు కూడా పాత ప్రతి పక్కన లేకుండా దిద్దుబాటు గురించి నోరెత్తేవాడు కాదు. ఈయన దొంగను పట్టే కుక్కను తెచ్చాడు. పోయిన సొత్తేమిటో దానికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

మధ్యాహ్నానికి ఇంజనీరు తన గడికి పసుపు తీసేసుకున్నాడు. రంగు మార్చడాన్ని మాక్రో మార్పుగా లెక్కవేయదు.

జూన్ సగం గడిచింది. టైమ్‌కీపర్ గడి ఇంకా పసుపుగానే ఉంది. లీవు పరిశీలనలో ఉందంటున్నారు. అందులో మొదట ఏ నెల ఉండేదో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు.