తొక్కితేనే వచ్చే ఇంగ్లీషు

ఆసుపత్రి కుట్టుగదిలో మిషను తొక్కే ఆవిడను అందరూ మిషనక్క అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, అది హాల్‌టికెట్ మీద తప్ప ఇంకెక్కడా పనికొచ్చిన దాఖలా లేదు. ఆవిడ అంచులు కుట్టిన దుప్పట్లన్నీ ఒకదానికొకటి ముడేస్తే భూమికి రెండు చుట్లు చుట్టి, మిగిలిన ముక్కతో చంద్రుడికి దిండు గలీబు కుట్టొచ్చు. కోతలు అనుకునేవాళ్లు ఆవిడ మోకాళ్ల చప్పుడు వింటే చాలు. ఆవిడ మెట్లెక్కుతుంటే పై అంతస్తు నర్సులు ఎవరో తలుపు తీస్తున్నారనుకుని తొంగిచూసేవాళ్లు.

ఆ మోకాళ్ల వల్లే ఈ చదువు గోల మొదలైంది. కుట్టుగది పక్కనే బట్టల స్టోరు ఉంది. అందులో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని, ఏ వార్డుకు ఏ బట్టలు వెళ్లాయో, ఏవి తిరిగొచ్చాయో చూసుకునేవాడు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచే పనే లేదు. ఆయన కుర్చీకి అతుక్కుపోయి ఉంటాడని, రిటైరయ్యే రోజున వడ్రంగిని పిలవాల్సి వస్తుందని ఆసుపత్రిలో చెప్పుకునేవాళ్లు. ఆ రిటైరయ్యే రోజు దగ్గరికొచ్చింది. ఆ కుర్చీ మిషనక్కకే ఇద్దామని పైవాళ్లకూ మనసుంది. కాకపోతే ఇంటర్ పాసై ఉండాలన్నారు.

మిషనక్క ప్రైవేటుగా కట్టి తక్కినవన్నీ చచ్చీ చెడీ గట్టెక్కింది. ఇంగ్లీషు మాత్రం తన్నింది. మళ్లీ కట్టింది, మళ్లీ తన్నింది. ఈసారి కూడా తప్పితే కుర్చీ ఇంకొకరిది. ఇక మిషను ముందే అరిగిపోవడం, అంతే.

కూతురు కూడా అదే ఏడు ఇంటర్. అదే ఇంగ్లీషు పుస్తకం, ఇద్దరికీ కలిపి ఒక్కటే. పని నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి పుస్తకం ముందు కూర్చుంటే మిషనక్కకు ఆవలింత వచ్చేది. అలాంటిలాంటి ఆవలింత కాదు. అది గోడలు దాటి వీధిలోకి పోయేది, చిల్లర కొట్టువాడు అందుకునేవాడు, వాడి నుంచి కుక్కకు అంటుకునేది. మొదటి వాక్యం చదివి రెండో వాక్యానికి వెళ్లేలోపే తల పుస్తకం మీద వాలిపోయేది. కూతురు మాత్రం వదిలేది కాదు. తనకు టీచరు పెట్టిన చీవాట్లన్నీ భద్రంగా ఇంటికి మోసుకొచ్చి తల్లికి వడ్డించేది.

"అమ్మా, నీకు చెప్పడం కంటే గోడకు చెప్పడం మేలే. గోడ కనీసం గురకపెట్టదు."

మొగుడు పార్సెల్ బండి నడిపేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా బండి వెనక రాసుందని, అది చదవాలన్నా కిందికి దిగాలని కూతురు ఎగతాళి చేసేది. అయినా ఆయనే ఒక దారి చెప్పాడు. పాట పాడుకుంటూ కుడతావుగా, ఆ పాట బదులు ఈ పాఠం పాడుకో అన్నాడు. ఏదో నోటికొచ్చి అన్న మాటే గానీ, అదే పనిచేసింది.

మర్నాటి నుంచి మిషనక్క గైడు కాగితాలు చించి మిషను ఎదురుగా గోడకు గుచ్చింది. కాలు పెడల్ మీద పడిందంటే నోటికి ఇంగ్లీషు వచ్చేది. దుప్పటి పొడుగు అంచుకు ఒక పేరా. మూల వచ్చినప్పుడు సూది పాదం ఎత్తి గుడ్డ తిప్పితే పేరా అయిపోయినట్టు. నాలుగు అంచులకు ఒక వ్యాసం. చిన్న జవాబులకు దిండు గలీబులు. అర్థం సగం తెలిసేది, సగం తెలిసేది కాదు. దారం ఎటు పోతే మాట అటు పోయేది. చూస్తుండగానే పుస్తకంలో సగం నోటికి వచ్చేసింది. ఆసుపత్రిలో రోగులు కప్పుకున్న దుప్పట్లన్నీ ఇంటర్ చదివినవే అని స్టోరు పెద్దాయన నవ్వేవాడు.

పరీక్ష రోజు బడిగదిలో ఆవిడకు మధ్య వరసలో చోటు పడింది. పొడుగాటి బల్ల. పక్కన రెండు జడలమ్మాయి. ప్రశ్నపత్రం చూడగానే మిషనక్క ప్రాణం లేచొచ్చింది. అన్నీ తను కుట్టినవే. కాలు దానంతటదే కదిలింది, కలం పరిగెత్తింది. ఒక అంచు అయింది, మూల తిరిగింది, రెండో అంచు మధ్యలో ఉండగా పక్కమ్మాయి చెయ్యెత్తింది. బల్ల ఊగుతోందని, తన అక్షరాలు గోడలెక్కుతున్నాయని ఫిర్యాదు.

కాపలా మేడం వచ్చి బల్ల కిందికి వంగి చూసింది. "ఏంటమ్మా ఆ కాలు? ఆపండి."

మిషనక్క ఆపింది. కాలు ఆగగానే ఇంగ్లీషు కూడా దారం తెగినట్టు పుటుక్కున ఆగింది. వేలు కదిపి చూసింది, రాలేదు. పళ్లు నూరి చూసింది, రాలేదు. చెవిలో కూతురు తిట్లు వచ్చాయి గానీ ఒక్క ఇంగ్లీషు మాట రాలేదు. చూసిచూసి మళ్లీ కాలు ఆడించింది. పక్కమ్మాయి ఈసారి ఏడుపుమొహం పెట్టింది.

"ఇంకోసారి కదిపితే పేపరు తీసుకుంటాను" అంది మేడం.

మిషనక్క గొంతు తగ్గించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మేడం, నాకు తొక్కితేనే వస్తుందండీ. మిషను మీద నేర్చుకున్నాను. కాలు ఆగితే బుర్ర కూడా ఆగిపోతోంది."

మేడం ఆ మోకాళ్ల వంక చూసింది. ఆవిడా పొద్దున్నుంచి నిలబడే ఉంది, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ. ఏమనుకుందో ఏమో, వెనక గోడ దగ్గరున్న ఒంటి బల్ల చూపించి, అక్కడ కూర్చుని ఏమైనా తొక్కుకోమంది.

అక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. కుట్టు మధ్యలోంచి మొదలుపెట్టడం మిషనక్కకు రాదు. అంచు ఎక్కడ తెగినా మొదటికి రావాల్సిందే. అందుకని రాసిన వ్యాసమంతా అడ్డంగా కొట్టేసి, తొలి అక్షరం నుంచి మళ్లీ ఎత్తుకుంది. వ్యాసం అయింది. గలీబులు కూడా ఒక్కొక్కటే అయ్యాయి. ఆ గది నేల మీద ఆవిడ తొక్కిన దూరం లెక్కగడితే పక్క దేశం పోయి తిరిగి రావచ్చు. చివరి ప్రశ్న దగ్గర మోకాళ్లు మొరాయించాయి. కుడికాలు పైకి లేవనంది. ఎడమకాలితో ప్రయత్నించింది, అది అసలు మాటే వినలేదు.

మీకు తెలిసిన ఒక చోటు గురించి రాయండి అని ఉంది అక్కడ. గైడులో దీనికి ఒక ఉద్యానవనం ఉంది, పూలు, పిట్టలు, నీళ్ల ఫౌంటెను. కాళ్లు లేకుండా ఆ తోటలోకి పోయే దారి లేదు. బయట గంట కొట్టడానికి బంట్రోతు సిద్ధమవుతున్నాడు. మిషనక్కకు ఏడుద్దామన్నా ఓపిక లేదు. చేతికి తగిలిన చిన్న చిన్న మాటలు ఏరుకుని, ఇంగ్లీషులో పెట్టడం మొదలుపెట్టింది. గదికి కిటికీ ఒకటే. దుప్పటి వస్తుంది, చిరిగి ఉంటుంది. నేను కుడతాను. దాని మీద ఎవరు పడుకున్నారో నాకు తెలియదు. వాళ్లకు నయమైందో లేదో నాకు తెలియదు. మళ్లీ దుప్పటి వస్తుంది. నాకు కాళ్లు నొప్పి.

అక్కడికి గంట మోగింది.

ఇంటికొచ్చాక కూతురు ఏం రాశావని పీక్కుతింటే, పిట్టలు రాలేదే అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. పిట్టలకు చాలా మార్కులుంటాయని కూతురు తల పట్టుకుంది. ఆ తర్వాత రోజులన్నీ మిషనక్క మామూలుగానే పనికిపోయి వచ్చింది. ఇంగ్లీషు పాడలేదు, పాట కూడా పాడలేదు. మిషను చప్పుడు ఒక్కటే వినపడేది.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం కూతురు ఫోను పట్టుకుని వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నేనే కాదు, నువ్వూ గట్టెక్కావే. అంచు మీద వేలాడుతున్నావు గానీ గట్టు మీదే ఉన్నావు."

మొగుడు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోబోయాడు. సాయంత్రానికల్లా తన పెళ్లాం రాష్ట్రం ఫస్టు అని ప్రచారం చేసే వాలకం ఆయనది. మిషనక్క ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"ఏవండీ, ఆ స్టోరు కుర్చీకి చేతులున్నాయా? మీరు బట్టల మూటలు దించడానికి వెళ్లారుగా, చూశారా?"

ఆయన ఆలోచించాడు. ఉన్నాయన్నాడు. కాదు, ఒకటే ఉందేమో, రెండోది విరిగిందేమో అన్నాడు. పెద్దాయన ఎప్పుడూ అందులోనే ఉంటాడు కాబట్టి కుర్చీ ఎవరికీ సరిగ్గా కనపడలేదని సర్దిచెప్పాడు. రేపు వెళ్లి చూసొస్తానని ఇటు తిరిగేసరికి, మిషనక్క గోడకు ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది.